రెండవ పాదము

ఇటీవల ఒక విద్యార్థి తండ్రిగారు నన్ను కలిసికొని, “పంతులుగారూ, పదవ తరగతి వారికి ఆటల గంట యెందులకు? ఆ గంటలో లెక్కలు చెప్పరాదా?” అని యడిగిరి. వారి ఆందోళన న్యాయమైనదే. బోధను ప్రాంతమున చెఱకు తోటలలో చెమటోడ్చు తల్లిదండ్రులకు బిడ్డ చదువే ఆస్తి. అయినను నా యుత్తరమును ఒక ఉపాధ్యాయుని చరిత్ర ద్వారా విన్నవించుచున్నాను.

1909లో హైదరాబాదున జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీంగారు వృత్తిచేత బడిపంతులు. వారి శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పును గెలిచెను. భారత ఫుట్‌బాల్ జట్టు 1952లో హెల్సింకీ ఒలింపిక్సునందు యుగోస్లావియా చేతిలో 10–1 గోలులతో ఓడెను. నాడు మనవారిలో పలువురు వట్టికాళ్లతో ఆడిరి. రహీంగారు నిరాశ చెందలేదు. 1956లో మెల్‌బోర్న్‌నందు అదే దేశపు జట్టు నాల్గవ స్థానమున నిలిచెను.

వారి పద్ధతులలో నాకు మిక్కిలి నచ్చినది యొకటి కలదు. అలవాటులేని పాదముతోనే బంతిని తన్నవలెనను నియమముతో వారు పోటీలు నడిపిరి. బలమైన కాలు ఎట్లైనను ఆడును. గురువునకు పని రెండవ కాలితోనే. తరగతిలో మనము దీనికి విరుద్ధముగా నడచుచున్నాము. చేయి యెత్తిన బాలునే ప్రశ్నింతుము. వెనుక బల్లపై మౌనముగా నున్న బాలికను మఱతుము. ఈ తప్పు నేనును పెక్కుమార్లు చేసితిని.

1962లో జకార్తానందు ఏషియా క్రీడల తుదిపోటీ. రహీంగారు అప్పటికే క్యాన్సరుతో బాధపడుచుండిరి. తలకు కుట్లు పడి, వెనుక వరుసలో ఆడుటకు వీలుకాని జర్నయిల్ సింగును వారు ముందు వరుసలో నిలిపిరి. అతడొక గోలు చేసెను. దక్షిణ కొరియాపై 2–1తో స్వర్ణపతకము మనదయ్యెను. మరుసటి యేడు జూన్ 11న రహీంగారు కన్నుమూసిరి. శిష్యుని శక్తిని శిష్యునికంటె ముందుగా గుర్తించుటయే గురుత్వము గదా!

మన నిజామాబాదు జిల్లా బిడ్డ గుగులోత్ సౌమ్య భారత మహిళా జట్టున ఆడినది. ప్రతి పిల్లయు అట్లు కావలెనని నా కోరిక కాదు. ఆటల గంటను మాత్రము తీసివేయవలదు. ఈ యేడు మన మైదానమున రెండవ పాదపు పోటీ నొకటి జరుపుదము. తల్లిదండ్రులు వచ్చి చూడుడు. తడబడుచు బంతి నందుకొను బిడ్డను జూచి నవ్వకుడు. చదువు మొదలగునది అచ్చటనే.