ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క గంట ఆగుదాం

పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

పోయిన ఆదివారం సాయంత్రం యలహంకలో వాన పడి కరెంటు పోయింది కదా. సరిగ్గా అప్పుడే మన సంఘం గదిలోని కంప్యూటర్‌లో ఉబుంటు 22.04 నుంచి 24.04కి అప్‌గ్రేడ్ నడుస్తోంది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో పాడైపోయింది. కరెంటు వచ్చాక ఆన్ చేస్తే నల్ల తెర, దాని మీద ‘కెర్నల్ పానిక్’ అనే మాట. గ్రూపులో పది నిమిషాల్లోనే సలహా వచ్చేసింది: "ఫార్మాట్ కొట్టేయండన్నా, అరగంటలో పనైపోతుంది."

అలా చేసుంటే పనితోపాటు చందాల లెక్కలు, పిల్లల తెలుగు తరగతి పాఠాలు, మన పెద్దవాళ్లు చెబుతుంటే రికార్డు చేసుకున్న ఊరి కబుర్లు కూడా అయిపోయేవి. వేటికీ బ్యాకప్ లేదు. తప్పు మాదే, ఒప్పుకుంటున్నాం.

అయినా ఫార్మాట్‌కు మేం ఒప్పుకోలేదు. అప్‌గ్రేడ్ మధ్యలో ఆగితే మన ఫైళ్లు పోయినట్టు కాదు, అవి హోమ్ ఫోల్డర్‌లో అలాగే ఉంటాయి. ఉబుంటు ప్యాకేజీలను ముందు విప్పి, తర్వాత సర్దుతుంది. ఎంతవరకు వచ్చిందో డీపీకేజీ అనే ప్రోగ్రామ్ రాసి పెట్టుకుంటుంది. పెళ్లి వంట మధ్యలో గ్యాస్ అయిపోతే సిలిండర్ మారుస్తాం గానీ, ఉడుకుతున్న అన్నం పారబోస్తామా?

మేం చేసింది ఇదీ. ముందు గ్రబ్ మెనూలోని ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లో పాత కెర్నల్‌తో ప్రయత్నించాం. చాలాసార్లు అక్కడే పని అయిపోతుంది, మాకు కాలేదు. అప్పుడు ఉబుంటు ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇంకేదీ ముట్టకుండా హోమ్ ఫోల్డర్ మొత్తం బయటి డిస్కుకి కాపీ చేశాం. తర్వాత పాత సిస్టమ్‌ను మౌంట్ చేసి, ‘సీహెచ్‌రూట్’తో దాని లోపలికి వెళ్లి ‘డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’ నడిపాం (టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే). ఆగిన చోటి నుంచే పని మళ్లీ మొదలైంది. విరిగిన ప్యాకేజీలను ‘ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’ సరిచేసింది. చివరగా ‘అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’, ‘అప్‌డేట్-గ్రబ్’. రీస్టార్ట్ చేస్తే లాగిన్ తెర వచ్చింది!

హార్డ్ డిస్కే పాడైతే ఈ ఆదేశాలు పనికిరావు, నిజమే. ఫైళ్లు చేతికొచ్చాక ఫార్మాట్ చేసినా తప్పులేదు. కానీ అది ఆఖరి మెట్టు, మొదటిది కాదు. ‘లినక్స్ ఉంటే ఇంతే’ అనేవాళ్లకూ ఒక మాట. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే ఏ సిస్టమైనా ఇబ్బంది పడుతుంది.

మాకు అసలు భయం వేరే ఉంది. ఈ పని తెలిసింది ముగ్గురికే. ఆ ముగ్గురూ ఊళ్లో లేని రోజున గెలిచేది ఫార్మాటే. అందుకే మా కోరికలు మూడు: యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ, నెలకోసారి బ్యాకప్, ఒక ఆదివారం ఇవన్నీ అందరం కూర్చుని నేర్చుకోవడం. పిల్లల్నీ తీసుకురండి, మనకంటే వాళ్లే త్వరగా పట్టేస్తారు.

ఏమంటారు? కామెంట్లలో చెప్పండి.