త్రీడీ బొమ్మలు – మన పిల్లల ఉచ్చారణ



గుడియాత్తం పేరును తమిళంలో వ్రాసేటప్పుడు మొదటి అక్షరం 'కు'. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు అక్షరం ఒక్కటే. ఆ భాషకు అది చాలును; అందులో లోపమేమీ లేదు. అయితే 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత బడిలో తమిళాన్ని మొదటి భాషగా చదువుతూ, ఇంట్లో తెలుగు మాట్లాడుతున్న వేలూరు, గుడియాత్తం పిల్లలకు 'కడప', 'గడప'ల భేదాన్ని ప్రత్యేకించి నేర్పవలసి వస్తుంది. ఈ పనిలో కంప్యూటర్ యానిమేషన్ మనకు తోడ్పడగలదని నా అభిప్రాయం.

త్రీడీ యానిమేషన్ మన తోలుబొమ్మలాటకు దూరపు చుట్టమే. మొదట కంప్యూటరులో బొమ్మ ఆకారాన్ని మలుస్తారు. లోపల ఎముకలను, కీళ్ళను అమర్చి, పైన రంగు, చర్మం, వెలుతురు చేరుస్తారు. కదలికలో ముఖ్యమైన భంగిమలను కళాకారుడు నిర్ణయిస్తే నడుమ భంగిమలను యంత్రం పూరిస్తుంది. సినిమాలో క్షణానికి 24 చిత్రాలు కావాలి. 1995లో వచ్చిన 'టాయ్ స్టోరీ' పూర్తిగా ఇలా తయారైన తొలి పూర్తి నిడివి చిత్రం. మన 'ఈగ' (2012)లో కథానాయకుడైన ఈగ కూడ ఇట్టి బొమ్మయే.

ఇది ధనికుల విద్య అని వెనుకాడనక్కరలేదు. ఇరవై లక్షల లోపు జనాభా గల లాత్వియాకు చెందిన దర్శకుడు 'ఫ్లో' (2024) చిత్రాన్ని బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో రూపొందించగా, 2025లో దానికి ఆస్కార్ లభించింది.

నేడు మన ఇళ్ళలో ఈ విద్య ఎక్కువగా ఫోనులోని పిల్లల పాటలకే ఉపయోగపడుతున్నది. పాట వినడం మంచిదే. కాని పాటలోని బొమ్మ పెదవులు ఆడిస్తుందే తప్ప నోటి లోపలి పనిని చూపదు. నల్లబల్ల కూడ చూపలేదు. త్రీడీ బొమ్మకు చెంపను గాజులా మార్చి, నాలుక వెనుక భాగం అంగిలిని తాకుటను చూపవచ్చును. క, గలకు నాలుక తాకే చోటు ఒక్కటే. 'గ' పలికేటప్పుడు కంఠంలోని నాదతంత్రులు కంపిస్తాయి. ఖ, ఘలలో ఊపిరి బలంగా వెలువడుతుంది. ఈ భేదాలను పిల్లవాడు కళ్ళారా చూడగలడు.

పది క్షణాల పాఠానికి 240 చిత్రాలు చాలును. ఒక్కొక్కటి సిద్ధమగుటకు పాత కంప్యూటరులో రెండు నిమిషాలు పట్టినా, ఎనిమిది గంటలలో, అనగా ఒక రాత్రిలో, పని ముగుస్తుంది. తొమ్మిదవ తరగతి పిల్లలు ఉపాధ్యాయుని తోడుతో దీనిని నేర్చుకోగలరు.

ఒక్క మాట మరువరాదు. బొమ్మ కంటికి చూపుతుంది. నాలుకను తిప్పవలసినది పిల్లవాడే. తల్లిదండ్రులు పక్కన కూర్చుని, బిడ్డ చేతిని గొంతు మీద ఉంచి క, గ పలికించాలి. ఆ తరువాతనే బొమ్మను చూపండి. పెద్దలు దగ్గర లేని పాఠం, అది ఎంత అందంగా ఉన్నా, పిల్లవాని నోటికి రాదు.