బలమును నమ్యతయు: గాల్ఫు ఆట మన డ్రిల్లు గంటకు నేర్పు పాఠము

మొక్కై వంగనిది మానై వంగునా యని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెతను తరగతిలో నేననేక పర్యాయములు వాడితిని గాని, అది మన దేహమునకును అక్షరాల వర్తించునని గ్రహించుటకు నాకు నలువదియేండ్లు దాటవలసివచ్చెను. నేలబడిన సుద్దముక్కను తీయుటకు వంగి, నడుము పట్టుకొని లేవలేకపోయిన దినమున ఆ సంగతి బోధపడినది. అది డ్రిల్లు గంట. ఆ గంటలో పదవ తరగతివారిని మైదానమునకు బంపక లెక్కలు చెప్పుచుంటిని. ఆ తప్పు నాదని యొప్పుకొనియే యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

గాల్ఫు ఆటను మన చిరాగ్‌పల్లి ప్రాంతపు పిల్లలు చాలమంది టెలివిజనులోనే చూచియుందురు. చూచువారి కది తీరికగల ధనికులు మెల్లగా నడచుచు ఆడునదిగా దోచును. బంతి బరువు 46 గ్రాములకు మించదు. గుంట వెడల్పు నాలుగుంబావు అంగుళములు మాత్రమే. ఇంత చిన్న బంతికి కండబలమేల యని పూర్వము ఆటగాండ్రలో పెక్కుమంది తలచిరి. బరువులెత్తినచో కండలు బిగిసి, కఱ్ఱ సరిగా తిరుగదని వారి భయము. దక్షిణాఫ్రికా దేశీయుడగు గ్యారీ ప్లేయరు ఆ భయమును లెక్కచేయక నిత్యము సాధన చేసెను. అతడు 1978వ సంవత్సరమున, తన 42వ యేట, మాస్టర్స్ పోటీని మూడవ పర్యాయము గెలిచెను. 1997లో టైగర్ వుడ్స్ అను యువకుడు 21వ యేట అదే పోటీని 12 దెబ్బల తేడాతో గెలిచిన పిమ్మట ఆ పాత శంక క్రమముగా తొలగిపోయెను. మన పొరుగున బెంగుళూరి కన్యయగు అదితి అశోక్ 2021లో టోక్యో ఒలింపిక్సునందు నాలుగవ స్థానము పొందినప్పుడు దేశమంతయు ఆ యాటవైపు చూచెను.

ఆ దెబ్బలోని మర్మమేమి? బలము చేతులలో బుట్టదు. పాదములు నేలను అదుముటతో మొదలై, తొడలకు, తుంటికి, మొండెమునకు, భుజములకు వరుసగా బ్రాకి, తుదకు చేతులద్వారా కఱ్ఱను జేరును. ఈ గొలుసులో ఒక్క కొంకి బిగిసియున్నను, దాని పని వేఱొక అవయవముపై బడును. తుంటియు, వీపు పైభాగమును తిరుగనినాడు నడుము ఆ తిరుగుడును భరింపవలసివచ్చును. గాల్ఫు ఆడువారికి నడుమునొప్పి మిక్కిలి సాధారణమగుటకు ఇదియొక ముఖ్యకారణము. కావున బలము లేని నమ్యత నిలువదు. నమ్యత లేని బలము తన్ను తానే గాయపఱచుకొనును.

ఇందుండి మనకు వచ్చు పాఠమొకటి కలదు. గాల్ఫు ఆటగాడు వేలకొలది పర్యాయములు ఒకేవైపునకు తిరుగును. అందుచే సాధనలో రెండవవైపునకును తిరుగును. పని దేహమును ఒకవైపు లాగినచో, వ్యాయామము దానిని రెండవవైపునకు తేవలెను. మన పొలములలో చెఱకు కొట్టువారిని చూడుడు. దినమంతయు ముందునకే వంగుదురు. మన విద్యార్థులును పుస్తకముమీద, సెల్‌ఫోనుమీద ముందునకే వంగుదురు. చెఱకు కొట్టువానికి బలమైనను మిగులును. మన విద్యార్థికి అదియును లేదు.

తల్లిదండ్రులు కొందఱు, “మా పిల్లలు ఇంట పని చేయుచునే యున్నారు, వేఱుగా కసరత్తేల?” యని యడుగుదురు. పని మంచిదే, కాని యేకరీతి పని దేహమునంతటిని సాధింపజాలదు. మఱికొందఱు మార్కులు తగ్గునని భయపడుదురు. నేనును అట్లే భయపడితిని. కాని దొంగిలించిన గంటలలో నేను చెప్పిన లెక్కలు, ఆవులించుచున్న పిల్లల చెవులను దాటి లోపలికి బోలేదని నా యనుభవము.

ఈ విద్య మనకు క్రొత్తది గాదు. వీరఘట్టమున బుట్టిన కోడి రామమూర్తినాయుడుగారు దేహబలముచే దేశవిదేశములలో కీర్తిగాంచిరి. శ్రీకాకుళము జిల్లా యాడుబిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీలో మొత్తము 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకము గెలిచిన ప్రథమ భారతనారి యయ్యెను. ఇఁక పాఠశాలల మాట: 1920లో హ్యారీ క్రో బక్ దొరగారు మద్రాసున వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించి, డ్రిల్లు మాస్టరు పనియు చదువవలసిన విద్యయే యని మన దేశమునకు జూపిరి. ఆ విద్యకు కేటాయించిన గంటను మేమే హరించుట న్యాయమా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 మొదలు 17 ఏండ్లవారికి దినమునకు సగటున 60 నిమిషముల చుఱుకైన శ్రమయు, వారమునకు 3 దినములైనను కండలకు ఎముకలకు బలమిచ్చు సాధనయు అవసరమని చెప్పుచున్నది. ఇందుకు గాల్ఫు కఱ్ఱ అక్కఱలేదు. తొలుత చేతులు, తుంటి, మొండెము ఇరువైపుల త్రిప్పి యొడలు వేడెక్కింపవలెను. పిమ్మట బస్కీలు, దండీలు, ఒంటికాలిపై నిలుకడ. ఆ తరువాత చిర్రగోనెయో కబడ్డీయో ఆడవచ్చును. తుదకు ఒక్కొక్క కండను కుదుపక, మెల్లగా సాగదీసి, ఇరువది ముప్పది సెకనులు నిలుపవలెను. బాలికలను గోడప్రక్కన కూర్చుండబెట్టక వారిచేతను ఇవి యన్నియు చేయింపవలెను.

ప్రియ విద్యార్థులారా! మీరింకను మొక్కలే. తల్లిదండ్రులారా, తోడి యుపాధ్యాయులారా! ఈ యేడు డ్రిల్లు గంటను ఎవరును ముట్టరాదని నా మనవి. దానిని మొదట ముట్టినవాడనగు నేనే, ముందుగా పిల్లల వెంట మైదానమునకు వచ్చి, వంగినంతమేర వంగెదను.