పసుపుకు మార్కులేస్తరు సరే, ఖరీదుదారుకు మార్కులెవరేస్తరు?

ఈసారి పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. యార్డుకు సరుకు తీస్కపొయ్యే ప్రతి ఒక్కరికీ సంబంధం ఉన్న ముచ్చట కాబట్టి ఓపికతోని చివరిదాక చదవండ్రి.

మనం పసుపు తీసి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి యార్డుకు తీస్కపోతం. గేటు కాడ లాట్ నంబరు పడ్తది. కాడి ఎంత, గోల ఎంత, తేమ ఎంత అని చూస్తరు. మన సరుకుకు ఒక జాతకం తయారైతది. ఆ జాతకం చూసి ఖరీదుదారు తన ఫోన్ల ధర వేస్తడు. బాగనే ఉన్నది. సరుకు చూడకుండ ఎవ్వడూ కొనడు గదా.

మరి ఆ ఖరీదుదారు జాతకం మనకెవరు చూపిస్తరు? తక్‌పట్టీ మీద ఆయన పేరు ఉంటది. పోయిన సీజన్ల ఎన్ని దినాలకు పైసలు ఇచ్చిండో ఉండదు. ధర వేసినంక కుప్ప కాడికొచ్చి ఎన్నిసార్లు తగ్గించమన్నడో ఉండదు. ఎన్ని లాట్లు వద్దని వదిలేసిపోయిండో ఉండదు. మన ఆధార్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, సరుకు తేమ అన్నీ వాళ్ళ కాడ ఉంటయి. వాళ్ళది ఒక్క ముక్క మన కాడ ఉండదు. ఒక్క దిక్కు నుంచే మార్కులేస్తే దాన్ని తనిఖీ అంటరు, న్యాయం అనరు. నేను అడుగుతున్నది ఇదే.

ఈ-నామ్ మీద కోపంతోని రాస్తలేను. 2016 ఏప్రిల్ 14 నాడు 8 రాష్ట్రాలల్ల 21 మార్కెట్లతోని అది మొదలైంది. మన నిజామాబాద్ పసుపు యార్డు మొదటి విడతలనే ఉన్నది. ఇయ్యాల దేశంల 1,300కు పైగా మార్కెట్లు దాంట్ల ఉన్నయి. గుడ్డ కింద వేళ్ళు పట్టుకొని బేరం చేసిన కాలం కంటే ధర ఫోన్ల కనిపించుడు వెయ్యి రెట్లు మేలు. ఆ ధర నచ్చకపోతే వద్దనే హక్కు గూడ మనకున్నది. కని తొమ్మిది నెలల పంటను కిరాయి బండ్ల తెచ్చి, హమాలీ కూలి కట్టి, అప్పు ఇచ్చినాయన ఇంటికాడ కూసుంటే, ఆ హక్కును ఎంతమందిమి వాడుకుంటం?

ఒక్క ముచ్చట చెప్త. మొన్న ఒక సీజన్ల, ఒక యార్డుల, నా కుప్పకు ఫోన్ల ఒక ధర పడ్డది. ఒప్పుకున్న. సంచులు నింపినంక ఖరీదుదారు మనిషి వచ్చి, లోపల పచ్చి ఉన్నది, క్వింటాలుకు మూడు వందలు తగ్గిస్తెనే కాంటా అన్నడు. తేమ మొదలే చూసిండ్రు గదా అంటే, అది వాళ్ళు చూసింది, ఇది నేను చూస్తున్నది అన్నడు. పక్కనున్న ఇంకో ఊరి రైతు అప్పుడు మెల్లగ చెవుల చెప్పిండు, పోయినేడు తనకు గూడ అదే మనిషి అదే మాట చెప్పిండని. ఆ మాట ధర ఒప్పుకోకముందు నా ఫోన్ల ఉంటే నా బేరం వేరే తీరుగ ఉండేది. చెవుల చెప్పుకునే ఆ మాట బోర్డు మీదికి రావాలె, గంతే.

మూడు వందలకు ఇంత రాద్ధాంతమా అనేటోళ్ళు ఉంటరు. లెక్క చూడండ్రి. ముప్పై క్వింటాళ్ళు, క్వింటాలు 12,000 అనుకుందాం. మూడు వందల కోత అంటే 9,000. మొత్తం 3,60,000 పైసలు ఇరవై దినాలు ఆలస్యంగ ఇచ్చిండనుకుందాం. మనం బయట రెండు రూపాయల మిత్తికి తెచ్చినం. ఇరవై దినాల మిత్తి 4,800. రెండూ కలిస్తే 13,800. ధర బోర్డు మీద ఇది ఎక్కడా కనిపించదు. ధర మంచిగనే పడ్డదంట అని ఊర్ల చెప్పుకుంటరు.

ఇగ బయటి దేశం సంగతి. ఆన్‌లైన్ వేలం పాటలకు పెద్ద పేరు ఈబే. 1995ల అమెరికాల మొదలైంది. 1996 నుంచి కొన్నోడు అమ్మినోని గురించి, అమ్మినోడు కొన్నోని గురించి మంచో చెడో రాసే పద్ధతి పెట్టిండ్రు. ఇద్దరికీ సమానం అని అందరూ మెచ్చుకున్నరు. పాల్ రెస్నిక్, రిచర్డ్ జెక్‌హౌజర్ అనే ఇద్దరు పరిశోధకులు 1999 నాటి అమ్మకాలు తీసి చూస్తే, కొన్నోళ్ళల్ల సగం మందే మార్కు వేసిండ్రు. అందులో చెడ్డ మార్కు నూటికి ఒకటి గూడ లేదు. మనుషులందరూ అంత మంచోళ్ళైండ్రా? కొంతమంది నిజంగ మంచోళ్ళే. కని భయం గూడ ఉన్నది. నేను చెడ్డ రాస్తే వాడు గూడ నా మీద చెడ్డ రాస్తడు, ఎందుకొచ్చిన లొల్లి అని నోరు మూసుకున్నోళ్ళు ఎందరో. ఆఖరికి 2008ల ఈబే నియమం మార్చింది. అమ్మినోడు కొన్నోని మీద చెడ్డ మార్కు వెయ్యరాదు అన్నది.

దీంట్ల మనకు పనికొచ్చేది ఏందంటే, భయం ఉన్న కాడ మార్కు అబద్ధం చెప్తది. అక్కడ అమ్మినోడు కొన్నోన్ని భయపెడ్తున్నడని అనుకున్నరు, కొన్నోన్ని కాపాడిండ్రు. మన యార్డుల ఎవరికి ఎవరంటే భయం? వందల మంది రైతులు, కొద్దిమంది ఖరీదుదారులు. వచ్చే సీజన్ల మళ్ళ వాళ్ళ ముందట్నే కుప్ప పొయ్యాలె. ఈడ భయం మనది. కాబట్టి వాళ్ళ నియమాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే కాపాడవలసినోన్ని వదిలిపెట్టి బలంగున్నోన్ని కాపాడినట్టైతది.

సిరిసిల్లల మా బావమరిది సంగతి చూడండ్రి. తువ్వాళ్ళు, చీరెలు ఒక ఆన్‌లైన్ కంపెనీల పెట్టి అమ్ముతడు. ఒకామె చీరె తెప్పించుకొని, కట్టుకొని, పసుపు మరకతోని వాపస్ పంపింది. మీదికెల్లి ఒక్క స్టార్ ఇచ్చింది. వీడు ఫోటోలు పెట్టి మొత్తుకున్నా ఆ స్టార్ పోలేదు. ఆమె మీద వీడు ఒక్క మాట రాసే జాగ లేదు. నెలకు నలభై యాభై చీరెలు అమ్మేటోనికి ఒక్క స్టార్ అంటే కొండంత దెబ్బ.

చట్టాలు గూడ కొనేటోని దిక్కే చూస్తయి. 2019ల వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. 2020 ఈ-కామర్స్ నియమాలు, అమ్మేటోడు కొన్నోని వేషమేసి దొంగ రివ్యూలు రాయద్దన్నయి. 2022 నవంబర్ల ఆన్‌లైన్ రివ్యూలకు ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం గూడ తెచ్చిండ్రు. అన్నీ మంచియే. విత్తనాలు కొనేటప్పుడు, మందు డబ్బా కొనేటప్పుడు అవి నాకు అక్కరకొస్తయి. కని పసుపు కుప్ప ముందట అమ్మేటోనిగ నిలబడ్డప్పుడు నా దిక్కు మాట్లాడే నియమం ఏది?

స్టార్లు ఇద్దరికీ పెట్టుండ్రి అని నేను అంటలేను. అది గూడ మోసమే. ఒక ఖరీదుదారు సీజన్ల 500 లాట్లు కొంటడు. పది మంది చెడ్డ అన్నా ఆయనకు నూటికి 98 మంచి మార్కులు. రైతు ఏడాదికి రెండు లాట్లు తెస్తడు. ఒక్కదానికి చెడ్డ మార్కు పడితే వాని మార్కు 50. ఒకే తక్కెడల ఏనుగును, మేకపిల్లను తూచినట్టుంటది. ఎయిర్‌బీఎన్‌బీ అనే ఇండ్ల కిరాయి కంపెనీ 2014ల ఇద్దరు రాసేదాక ఎవ్వరిదీ బయటపెట్టని పద్ధతి తెచ్చింది. తెలివైన పద్ధతే. కని మన యార్డుల ఆ దినం ఆయనకు అమ్మింది నలుగురే అయితే, ఎవరు రాసిండ్రో దాచినా దాగదు.

అందుకే నేను అడిగేది అభిప్రాయం కాదు, లెక్క. వేలంల పడ్డ ధర ఎంత, తక్‌పట్టీల రాసిన ధర ఎంత. ధర ఒప్పుకున్న దినం ఏది, ఖాతాల పైసలు పడ్డ దినం ఏది. ఎన్ని లాట్లు రద్దైనయి. ఇవన్నీ కాయితాలల్ల, కంప్యూటర్ల ఉండేటియే. ఏ రైతు పేరు బయటపెట్టకుండ, సీజన్ మొత్తం కలిపి, ఖరీదుదారు పేరు పక్కన యార్డు గేటు మీద రాయుండ్రి. ఫోన్ల ధర పక్కన చూపెట్టుండ్రి. ధర తగ్గించాలంటే కారణం కాయితం మీద రాయాలె, నమూనా పక్కన పెట్టాలె, ఇద్దరి ముందట మళ్ళ తేమ చూడాలె. సిరిసిల్ల వైపు వడ్లకు గూడ ఇదే. 17 శాతం తేమ లోపల ఉన్న వడ్లకు ఏ మిల్లు సంచికి ఎంత తరుగు తీసిందో కొనుగోలు కేంద్రం గోడ మీద రాస్తే చాలు, సగం లొల్లి తగ్గుతది.

ఇట్లయితే ఖరీదుదారులు రారు అంటరు. ఎవరు రారు? టైముకు పైసలిచ్చే ఖరీదుదారులు ఉన్నరు, మనందరికీ తెలుసు. ఇయ్యాల వాళ్ళకూ, ఎగ్గొట్టేటోళ్ళకూ ఒకటే పేరు. లెక్క గోడ మీదికొస్తే మంచోని కాడికి మంచి సరుకు ఎదురుపోతది. భయపడేది ఎవరో మీరే ఆలోచించండ్రి.

రైతులు మోసం చేస్తలేరా అని గూడ అడుగుతరు. చేసేటోళ్ళు ఉన్నరు. పైన మంచి కాడి పోసి కింద గోల కలిపేటోళ్ళు, సంచుల మీద నీళ్ళు చల్లేటోళ్ళు ఉన్నరు. వాళ్ళ లాట్ల మీద గూడ రాయుండ్రి, అడ్డం రాము. కని పరీక్ష చేసి రాయాలె, రైతు జవాబు గూడ పక్కన రాయాలె, ఒక్క లాట్‌కే జీవితాంతం మచ్చ వెయ్యద్దు. నలుగురు చేసిన తప్పుకు నాలుగు వందల మంది కుప్పలకు కోత పెట్టే పద్ధతి మాత్రం పోవాలె.

2019ల పసుపు బోర్డు కోసం, ధర కోసం మన నిజామాబాద్ పార్లమెంటు స్థానంల 178 మంది రైతులు నామినేషన్ వేసి నిలబడ్డరు. మొత్తం అభ్యర్థులు 185. కోరుట్ల, జగిత్యాల గూడ ఆ స్థానంలనే ఉన్నయి. దేశమంత మన దిక్కు చూసింది. 2025 జనవరిల బోర్డు మొదలైంది. ధర కోసం అంత కొట్లాడినోళ్ళం, ఒప్పుకున్న ధర చేతికి వచ్చేదాక కాపలా ఎందుకు కాయం?

మార్కెట్ కమిటీలు ఈ లెక్క పెట్టేదాక చేతులు ముడుచుకొని కూసునుడు వద్దు. ఊరికొక నోటుబుక్కు పెట్టుండ్రి. లాట్ నంబరు, పడ్డ ధర, రాసిన ధర, కోత, పైసలొచ్చిన తారీఖు, ఖరీదుదారు పేరు. తక్‌పట్టీ ఫోటో తీసి దాచుండ్రి. విన్నమాట రాయద్దు, కాయితం ఉన్నదే రాయుండ్రి. ఊరికి ఇరవై మంది, పది ఊర్లు, అంటే రెండు వందల మంది లెక్క. అది పట్టుకొని కమిటీ చైర్మన్ కాడికి, కార్యదర్శి కాడికి కలిసి పోదాం. ఒక్కడే పోతే వీడు లొల్లి మనిషి అంటరు. రెండు వందల తక్‌పట్టీలను లొల్లి అనలేరు.

పసుపు తవ్వుడు మొదలుకాకముందే బుక్కు కొనుండ్రి.