గృహకళలు: పళ్ళెముపై పాదములు, తలపై చెంబు



తరతరములుగా పురుషులే ప్రదర్శించుచు వచ్చిన కూచిపూడి నాట్యము ఇరువదవ శతాబ్దమున మన బాలికలకును అందినది. 1963లో వెంపటి చినసత్యముగారు మద్రాసులో స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ ఇందుకు మిక్కిలి తోడ్పడినది. నేడు బిడ్డ వేదిక నెక్కినంతనే తల్లుల చేతులలో కెమెరాలును, ఫోనులును లేచుచున్నవి. అట్లు తీసిన ఛాయాచిత్రములలో నగలు కనబడును, పట్టుబట్టలు కనబడును, చిరునవ్వు కనబడును. నాట్యము మాత్రము కనబడదు. ఈ లోపమేలకలుగునో, దానిని సవరించు మార్గమేమో, మేము చేసిన పొరపాటుతోనే మొదలిడి చెప్పుదుము.

రెండేండ్ల క్రిందట మా అక్కగారి కుమార్తె తొలిసారి తరంగము ప్రదర్శించినది. ఇత్తడిపళ్ళెము అంచులపై పాదములు మోపి, తాళమునకు తగినట్లు ఆ పళ్ళెమును కదల్చుచు ఆడుట తరంగమునందలి ప్రత్యేకత. తలపై నీటిచెంబు నుంచుకొనుటయు కలదు. మేము ముందువరుసలో కూర్చుండి, వెలుతురు చాలదని ఫ్లాషు వెలిగించుచు వరుసగా చిత్రములు తీసితిమి. ఇంటికి వచ్చునప్పుడు పిల్ల మెల్లగా ఇట్లనినది: "పిన్నీ, నీ ఫ్లాషు కళ్ళల్లో పడేసరికి ఒక్క క్షణం చీకటి కమ్మింది. చెంబు పడిపోతుందనుకున్నాను." మా వేడుక ఆమె పాదమునకే ముప్పు తెచ్చియుండెడిది గదా యని సిగ్గుపడితిమి.

పోనీ, చిత్రములైనను బాగుండెనా? అదియు లేదు. పాదములు నిలిచియున్నవి, పళ్ళెము నిలిచియున్నది, చెంబు నిలిచియున్నది. అన్నియు నిలిచినపుడు చెంబు నిలుచుటలో గొప్పయేమి? అంగడిలోని బొమ్మ తలపైనను చెంబు నిలుచును.

కారణమిది. షట్టరు కెమెరాలోనికి వెలుతురును విడుచు తలుపు వంటిది. అది తెరచియున్నంతసేపటి కదలికయే చిత్రమున పడును. నర్తకి చేయి సెకనుకు 2 మీటర్ల వేగమున కదలుచున్నదనుకొందము. సెకనులో 500వ వంతు కాలము షట్టరు తెరచినచో, ఆ చేయి కదలునది 4 మిల్లీమీటర్లు మాత్రమే. చిత్రమున అది నిలిచినట్లే తోచును. 8వ వంతు కాలము తెరచినచో 25 సెంటీమీటర్లు, అనగా జానెడుకు పైగా కదలును. చేయి పోయిన దారి పలుచని పొగవలె చిత్రమున మిగులును. కెమెరా ఫ్లాషు మెరుపు తరచుగా వెయ్యవ వంతుకంటెను తక్కువ కాలముండును గనుక అదియు కదలికను గడ్డకట్టించునదియే.

ఈ మసకను తప్పుగా నెంచనక్కరలేదు. హార్పర్స్ బజార్ అను స్త్రీల పత్రికకు కళాసంపాదకుడుగా పనిచేసిన అలెక్సీ బ్రోడోవిచ్ 1935-37 సంవత్సరముల నడుమ న్యూయార్కులో రష్యన్ బాలే బృందములను చిన్న కెమెరాతో, వేదికమీది వెలుతురుతోనే చిత్రించెను. ముఖములు చెదరి, దుస్తులు పొగవలె కరగిన ఆ చిత్రములు 1945లో గ్రంథముగా వెలువడినవి. ఛాయాచిత్రకళాభిమానులు నేటికిని వానిని మెచ్చుచున్నారు.

ఇక విధానము. కెమెరాలో షట్టరు కాలమును మనమే నిర్ణయించు అమరిక యుండును. పెక్కు ఫోనులలో 'ప్రో' అను పేరుతో నుండునది అదియే. ఫ్లాషును ఆపివేయుడు. ఐ.ఎస్.ఓ. 6400తో 500వ వంతు కాలము సరిపోవుచోట, ఐ.ఎస్.ఓ. 100తో 8వ వంతు కాలము పెట్టినను వెలుతురు దాదాపు సమానముగనే వచ్చును. ఇసుక చల్లినట్లుండు చుక్కలును తగ్గును. కెమెరాను మూడుకాళ్ళ స్టాండుపై నుంచవలెను. చేయి వణకినచో వేదిక కూడ చెదరిపోవును. 15వ వంతుతో ఆరంభించి, పిదప 8వ వంతు, 4వ వంతు ప్రయత్నింపుడు.

ఏ క్షణమున నొక్కవలెనన్నదే అసలు మెలకువ. దేహమంతయు చెదరినచో చూచువారి కంటికి ఆధారముండదు. ఏదో యొకటి నిలువవలెను. జతి ముగిసి ముఖము స్థిరపడి, చేయి యింకను సాగుచున్నప్పుడు నొక్కుడు. తరంగమున నైతే నర్తకి ముందునకు సాగునప్పుడు గాక, ఒకచోటనే నిలిచి పళ్ళెమును కదల్చునప్పుడు నొక్కుడు. అప్పుడు క్రింద పాదములును పళ్ళెమును చెదరును. పైన శిరస్సును చెంబును నిలుచును. ఆ నిలుకడ ఎంత సాధనతో వచ్చినదో చిత్రమే చెప్పును. ఆమె ప్రక్కకు పోవునప్పుడు కెమెరాను ఆమె ముఖముతో సమానముగా త్రిప్పినచో ముఖము నిలిచి వెనుకనున్న తెర చెదరును. ముప్పది చిత్రములలో ఒకటి కుదిరినను చాలునని మా యనుభవము. ప్రదర్శనమున గాక ముందుగా సాధన సమయముననే, గురువుగారి అనుమతితో అలవాటు చేసికొనుడు.

గత సంవత్సరము ఈ రీతినే తీసిన చిత్రమొకటి మా అక్కగారికి చూపితిమి. ఆమెయు బాల్యమున నాట్యము నేర్చి, వివాహానంతరము మానినది. ఆమె నాట్యమునకు గుర్తుగా మిగిలినది స్టూడియోలో తీయించిన చిత్రమొక్కటే. అందు గజ్జెలున్నవి గాని వాని చప్పుడు లేదు. తల్లి ఎట్లాడెడిదో కూతురెన్నడును ఎరుగదు.

అక్కగారు చెదరిన ఆ పాదములను చాలసేపు చూచి, "నేనూ ఇలాగే ఆడేదాన్నటే?" అని అడిగినది.

"ఇలాగే ఆడేదానివి, అక్కా" అంటిమి. పిల్ల ఆ మాట వినుచు తల్లి ప్రక్కకు వచ్చి కూర్చున్నది. ఆ సాయంకాలము ఆమె యడిగిన ప్రశ్నలకు అంతము లేకపోయినది.