మా నక్షాబాట ఎక్కడ?

"సాయిబూ, మీ బొందలగడ్డకు పోను మా చెల్కల నుంచే బాట కావాల్నా? రోడ్డుంది గద, రోడ్డు మీదికెళ్లి పోండ్రి."

ఈ మాట మేం మా సొంత ఊరి పొలిమేరలో విన్నాం. భుజాల మీద జనాజా ఉండగా విన్నాం. అన్నవాడు మా ఊరివాడు కాదు. నగరంలో ఉండే ఎవరో పెద్దమనిషి ఫాంహౌసుకు కాపలాదారు. అతని వెనక కొత్తగా పాతిన కడీలు. కడీలకు ముళ్లతీగ. తీగకు "ప్రైవేటు స్థలం, లోనికి రారాదు" అని బోర్డు. ఆ తీగ అవతల, పిలిస్తే పలికేంత దూరంలో మా ఖబ్రస్తాన్.

జనాజా వెనక్కి మళ్లింది. హైవే ఎక్కింది. లారీలు హారన్లు కొడుతుంటే రోడ్డు వారన భుజాలు మార్చుకుంటూ రెండు మైళ్లు చుట్టు తిరిగి పోయాం. పోయింది మా ఖాలా. బతికినన్నాళ్లూ ఆమె ఆ బాట మీదనే గాజుల మలారం మోసుకుంటూ పక్క ఊరి అంగడికి పోయింది. చచ్చినాక ఆ బాట ఆమెది కాకుండా పోయింది.

ఇది మా ఒక్క ఇంటి ఏడుపైతే ఇక్కడ రాసేవాళ్లం కాదు. ఒక్క ఊరి తగాదా అయితే పెద్దమనుషుల ముందు పంచాయితీ పెట్టుకునేవాళ్లం. ఊరికీ ఊరికీ మధ్య, ఊరికీ పట్నానికీ మధ్య మనుషులు కాళ్లతో వేసిన బాటలు మూసుకుపోతున్నాయి. అందులో ముందుగా మూసుకుపోతున్నవి ఎవరి బాటలో చెప్పడానికే రాస్తున్నాం.

తెలంగాణ పల్లెల్లో ఎవర్నడిగినా నక్షాబాట అంటే ఏమిటో చెప్తారు. ఊరి నక్షాలో గీసి ఉన్న బాట. చుక్కల గీతగా గీసి ఉంటుంది. దాన్ని మూసే హక్కు ఏ పట్టాదారుకూ లేదని చదువురాని రైతుకు కూడా తెలుసు. గెట్టు పంచాయితీ వచ్చినప్పుడల్లా "అది నక్షాబాటనా, కాదా?" అనే ఒక్క ప్రశ్నతో ఊళ్లో తీర్పు అయిపోయేది. నక్షా ఉర్దూ మాట. బాట తెలుగు మాట. ఈ రెంటినీ అతికించింది ఏ పండితుడూ కాదు, ఏ మౌల్వీ కాదు. ఆ బాట మీద నడిచిన జనం అతికించారు. మీరు ఎవరు, మీ భాష ఏది, మీ దేశం ఏది అని మమ్మల్ని రోజూ అడిగేవాళ్లకు మేం ఇచ్చే జవాబు ఆ ఒక్క మాటలో ఉంది.

ఎవరు నడిచారు ఆ బాటల మీద? దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టిన దూదేకులవాళ్లు నడిచారు. నెమలీకల కట్ట, ఊదు పొగ పట్టుకుని ఇల్లిల్లూ దీవిస్తూ ఫకీర్లు నడిచారు. గాజులమ్మే మా ఖాలాలు, గొర్రెల బేరానికి పోయే మా మామూలు నడిచారు. వాళ్ల ముందూ వెనకా మాదిగ చెప్పులు, సాకలి మూటలు, సాలోళ్ల చీరలు, గౌండ్ల కుండలు నడిచాయి. మొహర్రం నెలలో పీర్లు నడిచాయి. పీర్ల ముందు డప్పు కొట్టినవాళ్లు మాదిగలు, పీరు కాళ్ల మీద నీళ్లు పోసి మొక్కినవాళ్లు అన్ని కులాల ఆడవాళ్లు. జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉర్సుకు ఇప్పటికీ హిందువులూ ముస్లింలూ కలిసే పోతారు. ఆ చుట్టుపక్కల జిల్లాల్లో ఎంతమంది హిందువుల ఇళ్లల్లో సైదులు, సైదమ్మ అనే పేర్లున్నాయో లెక్క పెట్టండి. ఆ పేర్లు పుస్తకాలు చదివి పెట్టుకున్నవి కావు. దర్గాకు నడిచిపోయి, మొక్కుకుని, పిల్లలు పుట్టినాక పెట్టుకున్నవి.

ఇదంతా తెలిసీ మమ్మల్ని "బయటినుంచి వచ్చినోళ్లు" అంటున్నారు. మీ పొలం కాగితాలు తీసి చదవండి. నక్షా, దస్తావేజు. మీరు వేసే పంటలకు ఖరీఫ్, రబీ అని పేర్లు. మీ చేనుకున్న హద్దు అరబ్బీ మాట. చివరికి మీరు గర్వంగా చెప్పుకునే "రైతు" కూడా అరబ్బీనుంచి నడిచి వచ్చిన మాటే. ఈ మాటలేవీ బయటివి కాకుండా పోయాయి, మాట్లాడే మనుషులం మాత్రం బయటివాళ్లమయ్యామా?

విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి, తన భూమి కోసం ప్రాణమిచ్చిన కామారెడ్డిగూడెం షేక్ బందగీ బయటివాడా? ఆయన కథనుంచే "మా భూమి" నాటకం పుట్టింది. ఆ నాటకం చూసి ఊళ్లకు ఊళ్లు లేచాయి. నాటకంలో "మా" అన్నప్పుడు అందులో మేం ఉన్నాం. ఈ రోజు ఊళ్లో "మా" అన్నప్పుడు మమ్మల్ని తీసేసి లెక్కపెడుతున్నారు.

ఖాలా దఫన్ అయిన మూడో రోజు మేం తహసీలు కచేరికి పోయాం. ఊరి నక్షా చూపించమన్నాం. "ఆన్‌లైన్‌ల చూసుకోండ్రి" అన్నారు. ఆన్‌లైన్‌లో సర్వే నంబరు ఉంది, పట్టాదారు పేరు ఉంది, విస్తీర్ణం ఉంది. బాట లేదు. నాలుగుసార్లు తిరిగినాక పాత నక్షా బయటికి తీశారు. మడతల దగ్గర చినిగిపోయి ఉంది. దాని మీద అక్షరాలన్నీ ఉర్దూవి. గుమాస్తాకు చదవరాదు. పైఅధికారికీ రాదు. మమ్మల్నే చదివి పెట్టమన్నారు. మేం చదివాం. చుక్కల గీత పక్కన "రాస్తా" అని ఉంది. ఆ గీత తిన్నగా మా ఖబ్రస్తాన్ దాకా పోయి, అక్కడినుంచి పక్క ఊరికి పోయింది.

2017లో తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాష చేశారు. మేమూ చప్పట్లు కొట్టాం. బోర్డుల మీద మూడు అక్షరాలు రాస్తే భాష బతికినట్టా? మీ భూముల చరిత్ర అంతా ఏ భాషలో రాసి ఉందో ఆ భాష చదివే మనిషి ఒక్కడు కచేరిలో లేకపోతే నష్టపోయేది మేమొక్కళ్లమేనా? ఆ నక్షాలో మాదిగవాడ బాట ఉంది. చెరువుకు పోయే బాట ఉంది. చదివేవాడు లేకపోతే అవన్నీ లేనట్టే.

2020 సెప్టెంబరులో ఊళ్లో వీఆర్వో కొలువులు రద్దు చేశారు. లంచాలు తిన్నవాళ్లున్నారు, నిజమే. కానీ ఏ బాట ఎటు పోతుందో కాళ్లతో నడిచి తెలిసినవాళ్లు కూడా వాళ్లే. అదే ఏడు అక్టోబరులో ధరణి వచ్చింది. పహాణీలో ఉండే అనుభవదారు కాలమ్ అందులో మాయమైంది. పట్టా ఉన్నవాడే మనిషి. కౌలుకు దున్నేవాడు లేడు. నడిచేవాడు అసలే లేడు. 2025లో ధరణి పోయి భూభారతి చట్టం వచ్చింది. రైతు భూమి సంగతి మాట్లాడుతున్నారు, మంచిదే. భూమికీ భూమికీ నడుమ ఉన్న బాట సంగతి ఎవరు మాట్లాడతారు?

చట్టం లేక కాదు. బాహాటంగా, అడ్డం లేకుండా, హక్కుగా 20 ఏండ్లు నడిచిన దారి మీద హక్కు పుడుతుందని 1963 లిమిటేషన్ చట్టం 25వ సెక్షన్ చెప్తుంది. ప్రభుత్వ భూమి అయితే 30 ఏండ్లు. మేం నడిచింది ఇరవయ్యా, ముప్పయ్యా? తరాలు! కానీ ఆ హక్కు కోర్టులో రుజువు చేసుకోవాలి. గాజులమ్మే మనిషి, దూదేకే మనిషి ఫాంహౌసు యజమాని మీద దావా వేసి ఎన్నేండ్లు తిరగాలి? ముళ్లతీగ కట్టడానికి ఒక్క పూట చాలు.

ఇక మా సెక్యులర్ మిత్రులతో నాలుగు మాటలు. మీరు గంగా జమునా తెహజీబ్ గురించి బాగా మాట్లాడతారు. పీర్ల పండుగ మీద వ్యాసాలు రాస్తారు. రంజానుకు హలీం తినడానికి పిలిస్తే వస్తారు. సంతోషమే. కానీ మీరు మెచ్చుకునే ఆ సహజీవనం సభల్లో పుట్టలేదు. ఇద్దరు మనుషులు ఎదురైతే ఒకరు పక్కకు ఒరిగి దారి ఇవ్వాల్సినంత సన్నని బాట మీద పుట్టింది. ఒరిగినప్పుడు "ఏం మామా, ఎటు?" అని అడగక తప్పదు. హైవే మీద ఎవరూ ఎవర్నీ అలా అడగరు. హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వేశారు. దాని మీద నడిచేవాడు కాలు పెట్టకూడదు. దాన్ని అభివృద్ధి అన్నారు. మీలో కొందరు దాని పక్కనే ప్లాట్లు కొన్నారు. ఆ ప్లాట్ల కింద ఏ ఊరి బాట పోయిందో ఏనాడన్నా అడిగారా?

మేం పత్రికల్లో పని చేసినవాళ్లం. మాకు తెలుసు. బాట మూసేసిన వార్త జిల్లా పేజీలో నాలుగు లైన్లు వస్తే గొప్ప. ఆ బాట మింగిన వెంచర్ ప్రకటన మొదటి పేజీ నిండా వస్తుంది.

బాట మూయడం ఒక్కటే కాదు. మూయని బాట మీద కూడా మమ్మల్ని నడవనివ్వడం లేదు. 2020 ఏప్రిల్‌లో, కరోనా రోజుల్లో, ముస్లింలే రోగం అంటిస్తున్నారని పుకార్లు లేపారు. కూరగాయలమ్మే మావాళ్లను పేరు అడిగి వెళ్లగొట్టారు. కరోనా పోయింది, పేరు అడిగే అలవాటు పోలేదు. ఒకప్పుడు నెత్తిన మూటతో ఊళ్లోకి అడుగు పెడితే "ఏం సాయిబూ, మంచిగున్నవా, మంచినీళ్లు తాగుతవా?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు "ఏ ఊరు? ఎవరింటికి? ఆధార్ ఉందా?" అని అడుగుతున్నారు. అడిగేది మా ఈడువాళ్లు కాదు, నిన్నమొన్నటి పిల్లలు. వాళ్ల తాతలు మా తాతల చేతులతో తాయెత్తు కట్టించుకున్న సంగతి వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

మా లోపల సంగతి దాచిపెట్టి ఎదుటివాళ్లనే తిట్టం. మా జాగీర్దార్లు కూడా బాటలు మూశారు. దర్గా భూములు అమ్ముకున్న ముతవల్లీలు మాలోనే ఉన్నారు. ఆ అమ్మకాల్లో దర్గాకు పోయే బాటలూ పోయాయి. దర్గాకు పోవడమే తప్పని చెప్పే కొత్త బోధకులు వచ్చి, ముళ్లతీగ కట్టినవాడి పని తేలిక చేస్తున్నారు. నడిచే మనిషి లేకుంటే బాట మీద గడ్డి మొలుస్తుంది. మా ఆడపిల్లలు పక్క ఊరి బడికి ఒంటరిగా నడిచిపోతామంటే వద్దనేది మేమే. ఖాలా మలారం నెత్తిన పెట్టుకుని అంగడికి పోతే ఎవరూ ఆపలేదు, ఎందుకంటే ఆమె తెస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆమెకు ఉన్నపాటి బాట ఆమె మనవరాలికి మేం ఎందుకు ఇవ్వడం లేదు? ఈ ప్రశ్న మాకు మేమే వేసుకోవాలి.

బాట కోసం జైలుకు పోయినవాళ్లు లోకంలో ఉన్నారు. ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర కిండర్ స్కౌట్ అనే గుట్ట ఉంది. పెద్ద భూస్వాములు తమ వేట కోసం దాన్ని జనానికి మూసేశారు. 1932 ఏప్రిల్ 24న వందలమంది కార్మిక యువకులు కాపలాదార్లను తోసుకుని ఆ గుట్ట ఎక్కారు. వాళ్లకు ముందు నడిచిన బెన్నీ రాత్‌మన్ వలస వచ్చిన యూదుల కొడుకు. అక్కడా మైనారిటీవాడే. నాలుగు నెలలు జైలు వేశారు. 1949లో అక్కడ చట్టం వచ్చింది. జనం నడిచే బాటలన్నీ సర్వే చేసి నక్షాలో గీయాలన్నారు. మాకు నక్షాలో గీత ముందే ఉంది. ఆ గీతను భూమి మీద చూపించమని అడగడానికి మేం ఎందుకు భయపడుతున్నాం?

మేం అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి ఊరి పాత నక్షా బయటికి తీయండి. ఉర్దూ చదివే మనిషిని కూర్చోబెట్టి, తెలుగులో రాయించి, పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. గ్రామసభ పెట్టి బాటలన్నీ ఒక్కొక్కటే చదవండి. ఖబ్రస్తాన్ బాట, దళితుల బొందలగడ్డ బాట, చెరువు బాట, గుడి బాట, దర్గా బాట, బడి బాట. ఏది మూసి ఉంటే అది తెరవండి. కొత్త సర్వే ఎక్కడ చేసినా బాటను కొలవకుండా హద్దురాయి పాతొద్దు. ఇది ముస్లింల కోరిక అని ఎవరన్నా అంటే, ఆ జాబితా మళ్లీ ఒకసారి చదవమనండి.

వచ్చే నెల మా ఖాలాకు నలభయ్యో రోజు. ఆ రోజు ఫాతెహాకు మేం హైవే మీద పోం. నక్షా నకలు తీసుకున్నాం, సంతకం, ముద్ర ఉన్నాయి. మా వాడవాళ్లం పోతాం. అవతలి వాడనుంచి డప్పు కొట్టే అన్నలు వస్తామన్నారు, వాళ్ల బొందలగడ్డ బాట కూడా ఆ తీగ కిందనే పోయింది. ఖాలా దగ్గర గాజులు వేయించుకున్న ఆడవాళ్లు వస్తామన్నారు. సెక్యులర్ మిత్రులు కూడా రండి. కారు ఊరి బయట చింతచెట్టు కింద పెట్టండి. అక్కడినుంచి నడవాలి.