తినలేని బిడ్డకూ పంక్తిలో చోటు: భిలాయి తెలుగు సమాజానికి విజ్ఞప్తి

బిడ్డ అన్నం తినకపోతే దోషం తల్లిదేనన్న నమ్మకం తెలుగు ఇళ్ళలో లోతుగా పాతుకుపోయింది. మింగే కండరాల బలహీనతో, పేగుల వ్యాధో, ఫలానా పదార్థం ఒంటికి పడకపోవడమో అసలు కారణమైనప్పుడు కూడా, పిల్లల డాక్టరును కలిసేలోపే దిష్టి తీయడం, తాయెత్తు కట్టించడం, అమ్మమ్మగారి ఊరికి పంపి చూడడం, చివరికి ముక్కు మూసి నోట్లో ముద్ద కుక్కడం వరకు అన్నీ జరిగిపోతాయి. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు క్రమంగా పెళ్ళిళ్ళకూ పుట్టినరోజు విందులకూ గుడిలో ప్రసాదం వరుసకూ దూరమవుతారు. బిడ్డ జబ్బు కన్నా అక్కడ వినవలసి వచ్చే మాటలే వారిని ఎక్కువగా ఆపుతాయి. తినడంలో ఇబ్బంది ఉన్న పిల్లలను, ప్రత్యేకాహారం తప్పనిసరైన పిల్లలను బలవంతపెట్టవద్దని, వారి తల్లులను నిందించవద్దని, పదిమందీ కలిసి తినే చోట ఏ వంటకంలో ఏముందో చెప్పే అలవాటు చేసుకోవాలని భిలాయిలోని తెలుగు కుటుంబాలకు, సంఘాలకు, ఆలయ నిర్వాహకులకు ఈ విజ్ఞప్తి.

ఈ మాట భిలాయిలో చెప్పడానికి కారణాలున్నాయి. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో రూపుదిద్దుకుని, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన భిలాయి ఉక్కు కర్మాగారంలో పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగువారిలో ఉత్తరాంధ్ర పల్లెలవారు ఎందరో ఉన్నారు. వారి మనవలు, మునిమనవలు ఇప్పుడు ఇంట్లో తెలుగుకూ బడిలో హిందీకీ వీధిలో ఛత్తీస్‌గఢీకీ మధ్య పెరుగుతున్నారు. ప్లాంటులో పర్మినెంటు ఉద్యోగం ఉన్న ఇంటికి సెక్టార్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి అందుబాటులో ఉండగా, ఖుర్సీపార్ వంటి బస్తీల్లో ఉండే ఠేకా (కాంట్రాక్టు) కార్మికుల ఇళ్ళు ఈఎస్ఐ మీదనో, దుర్గ్ జిల్లా ఆసుపత్రి మీదనో, రాయపూర్ ఎయిమ్స్ మీదనో ఆధారపడవలసి వస్తుంది. డాక్టరు చూసినా చీటీ హిందీలో ఉంటుంది; అందులో దలియా, సూజీ, ఖిచిడీ అని రాసి ఉంటే, పప్పన్నం, చారు, పెరుగు మధ్య రోజు గడిచే ఇంట్లో, హిందీ చదవలేని నానమ్మ చేతికి ఆ చీటీ వచ్చేసరికి దాని ప్రయోజనం సగం పోతుంది.

తినే ఇబ్బంది అంటే మారాం అని అర్థం కాదు. వయసుకు తగినట్టుగా నోటితో ఆహారం తీసుకోలేని స్థితి కనీసం రెండు వారాలు కొనసాగి, దానితో పాటు వైద్యపరమైన, పోషణపరమైన, నమలడం, మింగడం వంటి నైపుణ్యాలకు సంబంధించిన, లేదా మానసిక, సామాజికమైన సమస్య ఏదో ఒకటి ఉంటే, దానిని పిల్లల ఆహార స్వీకరణ రుగ్మతగా గుర్తించాలని 2019లో నిపుణుల బృందం ఒకటి నిర్వచించింది. ఈ నాలుగూ ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉంటాయి: నెలలు నిండకుండా పుట్టి ముక్కు గొట్టంతో పాలు తాగిన పసివాడు నోటితో మింగడం ఆలస్యంగా నేర్చుకుంటాడు, అందువల్ల బరువు పెరగడు, బరువు పెరగలేదన్న బెంగతో ఇంట్లో బలవంతం మొదలవుతుంది, ఆ బలవంతం వల్ల గిన్నె కనబడగానే ఏడుపు మొదలవుతుంది. ఈ దశలో చూసినవారికి కనిపించేది ఏడుపూ తల్లి విసుగూ మాత్రమే కాబట్టి తీర్పు కూడా వాటి మీదనే వస్తుంది.

అన్నిటికన్నా ముందు గుర్తించవలసినది పొలమారడం. పెద్దలకు పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని నవ్వుతూ నెత్తిన తట్టడం తెలుగువారి ఆచారం, అందులో తప్పేమీ లేదు. కానీ పసిబిడ్డకు దాదాపు ప్రతి పూటా పొలమారుతున్నా, తాగిన తరువాత గొంతులో గురగుర వినిపిస్తున్నా, మాటిమాటికి న్యుమోనియా వస్తున్నా, ఒక పూట తిండికి అరగంట దాటుతున్నా, పాలో అన్నమో అన్నవాహికకు బదులు శ్వాసనాళంలోకి జారుతున్నదేమోనని అనుమానించి డాక్టరుకు చూపించాలి. కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోయడం తరతరాల అలవాటే అయినా, మెడ నిలవని బిడ్డకు, మెదడు కదలికలను అదుపు చేయలేని సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు అది ప్రమాదకరం. నిటారుగా కూర్చోబెట్టి, తల వెనక్కి వాలకుండా పట్టుకుని, చిన్న చెంచాతో, ఒక గుక్క మింగాకే మరొకటి ఇవ్వాలి. పలుచని ద్రవం కన్నా చిక్కని జావ కొందరికి సులువు, ఎంత చిక్కగా ఉండాలన్నది మాత్రం మింగడాన్ని పరీక్షించే స్పీచ్ థెరపిస్టు చెప్పవలసిన విషయం. ద్రవాలూ మెత్తని పదార్థాలూ ఎంత చిక్కగా ఉండాలో 0 నుంచి 7 వరకు మెట్లుగా విభజించి, చెంచాతోనూ ఫోర్కుతోనూ ఇంట్లోనే సరిచూసుకునే పద్ధతి ఒకటి అంతర్జాతీయంగా వాడుకలో ఉంది. దానిని రాగిజావ, మెత్తగా మెదిపిన పప్పన్నం, ఇడ్లీ వంటి పేర్లతో తెలుగులో చెప్పగలిగితే ఏ నానమ్మకైనా అర్థమవుతుంది.

గ్రహణమొర్రితో పుట్టిన పిల్లల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గర్భిణి గ్రహణం చూడడం వల్ల పెదవి చీలిందన్న మాటకు శాస్త్రీయమైన ఆధారం లేదు; అంగిలి కూడా చీలి ఉన్న బిడ్డ నోట్లో గాలి ఒత్తిడి నిలవనందువల్ల రొమ్మును చీకలేదు గనుక, పిండిన తల్లిపాలను చెంచాతోనో ప్రత్యేకమైన సీసాతోనో పట్టాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమాన్ని ఛత్తీస్‌గఢ్‌లో చిరాయు అంటారు. అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ వచ్చే చిరాయు బృందం పుట్టుక నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలను పరీక్షించి, ఈ లోపం ఉన్నవారితో పాటు ఎదుగుదల ఆలస్యమైనవారిని కూడా పెద్ద ఆసుపత్రులకు ఉచితంగా పంపుతుంది. ఖుర్సీపార్‌లో ఈ సంగతి తెలియని ఇల్లు ఒక్కటి ఉన్నా అది పక్కింటివారి లోటు కూడా.

ఆటిజం ఉన్న పిల్లలు కొందరు అన్నం తెల్లగా ఉంటేనే, లేదా ఒకే కంపెనీ బిస్కెట్ అయితేనే తింటారు. రంగు, వాసన, నోటికి తగిలే స్పర్శ వారికి మిగతావారికన్నా తీవ్రంగా అనిపించడం ఇందుకు ముఖ్య కారణం. ఏమి పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దల బాధ్యత, ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది బిడ్డ బాధ్యత అని అమెరికాకు చెందిన ఆహార నిపుణురాలు ఎలిన్ సాటర్ 1980లలో చేసిన విభజన ఈనాటికీ విలువైనదే. అయితే మింగడంలో లోపం ఉన్న బిడ్డకూ, ఆకలే తెలియని బిడ్డకూ దానిని యథాతథంగా వర్తింపజేసి వదిలేయడం ప్రమాదమన్న హెచ్చరికను కూడా జోడించాలి.

ప్రత్యేకాహారం విషయంలో భిలాయి తెలుగువారు తప్పక తెలుసుకోవలసినది సీలియాక్ వ్యాధి. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తును శరీరం శత్రువుగా భావించి చిన్నపేగు లోపొరను దెబ్బతీసుకోవడం ఈ వ్యాధి లక్షణం. విరేచనాలు, ఎదగకపోవడం, ఎంత మందు వేసినా తగ్గని రక్తహీనత దాని గుర్తులు. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో రొట్టె దొరకనప్పుడు ఇలాంటి పిల్లలు కోలుకుని, రొట్టె తిరిగి రాగానే మళ్ళీ జబ్బుపడడం, గోధుమే కారణమన్న పిల్లల వైద్యుడు విల్లెమ్ డికె అనుమానానికి బలమిచ్చింది. భారతదేశంలో పెద్దవారిపై జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో ఈ వ్యాధిని సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిన నూటికి 1.23 మందిలో, దక్షిణాదిన 0.10 మందిలో కనిపించగా, వ్యాధికి అనువైన జన్యువులు మాత్రం రెండుచోట్లా దాదాపు సమానంగా ఉన్నాయి. తేడా ముఖ్యంగా గోధుమ వాడకంలో ఉంది. అందువల్ల టిఫిన్ డబ్బాలో రొట్టె తీసుకుపోయే భిలాయి తెలుగు బిడ్డ విషయంలో అది దక్షిణాదివాళ్ళకు రాదులే అని కొట్టిపారేయడానికి వీల్లేదు. రక్తపరీక్ష కాకముందే గోధుమ మాన్పిస్తే ఫలితం తప్పుగా వచ్చే అవకాశం ఉన్నందున, అనుమానం రాగానే సొంత వైద్యం చేయకూడదు.

నిర్ధారణ అయ్యాక జీవితాంతం గ్లూటెన్ వదలడమే చికిత్స, అందులో కొంచెం అన్న మాటకు చోటు లేదు. వరి తినే ఇంటికి ఇది తేలికని అనిపించినా, తెలుగు వంటింట్లో గోధుమ దాక్కునే చోట్లు చాలా ఉన్నాయి. భిలాయి కొట్లో రవ్వ అని అడిగితే ఇచ్చేది గోధుమ రవ్వే, ఇడ్లీ రవ్వ అని విడిగా చెప్పాలి. సేమియా, మైదా సరేసరి. పులిహోరలో వేసే పొడి ఇంగువలో చాలా కంపెనీలు గోధుమపిండి కలుపుతాయి గనుక, బియ్యంతో చేసిన ప్రసాదం కూడా ఈ పిల్లలకు పడకపోవచ్చు. పొట్లం మీద గ్లూటెన్ లేదని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించకూడదని ఆహార భద్రతా సంస్థ నియమం ఉంది. మరోవైపు, బియ్యప్పిండితో చేసే ఛత్తీస్‌గఢ్ చీలా, ఫరా, చద్దన్నానికి చుట్టమైన బోరే బాసీ ఈ పిల్లలకు నిస్సంకోచంగా పెట్టదగినవి. పొరుగువారి వంటను చిన్నచూపు చూసే కొందరు తెలుగు పెద్దలు ఈ విషయంలో వారి దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది.

వేరుశనగ, జీడిపప్పు, పాలు, గుడ్డు పడని పిల్లలకు ప్రమాదం మరింత వేగంగా వస్తుంది. దద్దుర్లతో మొదలై నిమిషాల్లో ఊపిరి ఆడని స్థితికి చేరవచ్చు. దేవుడి ప్రసాదం ఏమీ చేయదని నోట్లో పెట్టే చేయి ఎంత ప్రేమగలదైనా ఆపవలసిందే. కాదన్న తల్లిని భక్తి లేనిదిగా చూడడం అన్యాయం.

సెక్టార్ 5లోని బాలాజీ ఆలయాన్ని నిర్వహించే ఆంధ్ర సాహిత్య సమితికి, వినాయక చవితి, దసరా పందిళ్ళు వేసే సంఘాలకు, పెళ్ళి వంటలు చేసేవారికి కోరేది ఖర్చుతో కూడినది కాదు. ప్రతి గంగాళం దగ్గర గోధుమ, పాలు, వేరుశనగ, జీడిపప్పు, ఇంగువ ఉన్నాయో లేవో తెలుగులోనూ హిందీలోనూ రాసిన అట్ట ఒకటి పెట్టాలి. ఇంగువ వేయకముందే కొంత పులిహోర వేరే గిన్నెలోకి, వేరే గరిటెతో తీసి ఉంచాలి. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకున్న బిడ్డను అదే పంక్తిలో, అదే ఆకు ముందు కూర్చోబెట్టాలి. ముక్కుకు గొట్టం ఉన్న బిడ్డ వచ్చినప్పుడు చుట్టూ మూగి చూడకుండా పక్కన కాస్త చోటు చూపించాలి.

ప్లాంటు ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన తెలుగు నర్సులు, రెండు భాషలూ తెలిసిన ఉపాధ్యాయులు వారానికి ఒక పూట కేటాయించి, డాక్టరు రాసిన ఆహార చీటీలను ఇంటి వంటల పేర్లతో తెలుగులోకి మార్చి ఇవ్వగలిగితే, తర్జుమా చేసిన ప్రతి చీటీని అదే డాక్టరుకు ఒకసారి చూపించి సరిచూసుకుంటే, ఖుర్సీపార్ తల్లులకు ఎంతో మేలు జరుగుతుంది. ఈ పనికి ముందుకు వచ్చేవారు తమ సంఘం కార్యదర్శికి పేరు ఇచ్చి, రాబోయే పండుగ సంతర్పణకు వంటల జాబితా తయారయ్యే రోజునే అట్టలు రాసే బాధ్యత తీసుకోవాలని మనవి.